రచ్చబండ ఎవరి సొత్తు?

ఈ ప్రసంగాన్ని మీరు వింటున్న రేడియో యంత్రాన్ని ఏ కంపెనీవారు తయారు చేశారో నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ లేదు. ఏ కొట్టులో కొన్నదైనా, పెద్దదైనా చిన్నదైనా, ఆ యంత్రం ఈ కేంద్రాన్ని అందుకొంటున్నది. రేపు మీరు మరొక కంపెనీ యంత్రం కొనుక్కొన్నంత మాత్రాన ఈ కేంద్రం మీకు దూరం కాదు. తపాలా సంగతీ అంతే. విజయవాడలో అంటించిన మన తపాలా బిళ్ళను చూచి పారిస్ నగరంలోని తపాలా బంట్రోతు ఉత్తరాన్ని ఇంటికి చేరుస్తున్నాడు. దేశాల మధ్య ఈ ఏర్పాటు 1874లో బెర్న్ నగరంలో కుదిరిన ఒడంబడికతో స్థిరపడినది. టెలిఫోనుకూ ఇదే ధర్మం. అవతలివారు ఏ కంపెనీ చందాదారులో విచారించి మనము ఫోను చేయము. పైగా 2011 జనవరి నుంచి, నంబరు మార్చుకోకుండానే కంపెనీని మార్చుకొనే హక్కు కూడా మన దేశమంతటా చందాదారులకు లభించినది.

ఇన్ని సదుపాయాలకు అలవాటుపడిన మనము, అరచేతిలోని ఫోనులో వ్రాతపూర్వకంగా మాట్లాడుకొనే ఘట్టం వచ్చేసరికి ఈ హక్కునంతటినీ మారుమాట లేకుండా వదులుకొన్నాము. మన దేశంలో వాట్సాప్‌లో ఉన్నవారు డిస్కార్డ్‌లో ఉన్నవారికి ఒక్క ముక్క వ్రాయలేరు. టెలిగ్రామ్‌లో ఉన్నవారి కేక స్లాక్‌లో ఉన్నవారికి వినబడదు. ఒక్కొక్కటి ఒక్కొక్క కోట. కోటగుమ్మం తాళపుచెవి కంపెనీవారి మొలలో ఉన్నది. ఇద్దరు స్నేహితుల సంభాషణకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. ఇక్కడ కాకపోతే మరొకచోట కలుసుకొంటారు. వందలమంది కలిసి ఏళ్ళతరబడి నడుపుకొన్న గోష్ఠుల మాట వేరు. పూర్వవిద్యార్థుల సంఘాలు, పద్యాలు వ్రాసి ఒకరివొకరు దిద్దుకొనేవారు, పంట తెగుళ్ళను గురించి చర్చించుకొనే రైతులు, కలిసి సాఫ్ట్‌వేర్ వ్రాసే యువకులు, వీరందరి ఉమ్మడి జ్ఞాపకం ఆ గోష్ఠులలోనే ఉన్నది. ఏ సందేహానికి ఎవరు ఏమి సమాధానం చెప్పారో, ఏ సంవత్సరం ఎంత చందా వసూలైనదో, ఏ తగవు ఎట్లా తీరినదో, అంతా అక్కడే. అట్టి గోష్ఠులు కంపెనీల కోటలలోనుంచి బహిరంగ వేదికలకు తరలడం కొన్నేళ్ళుగా జరుగుతున్నది. ఆ తరలింపులో ఏమి నిలుస్తున్నది, ఏమి పోతున్నది అనేదే నేటి ప్రసంగ విషయం.

ముందుగా ఒక చిక్కు విప్పుకోవలసి ఉన్నది. ‘బహిరంగం’ అనే మాటను ఈ రంగంలో మూడు అర్థాలలో వాడుతున్నారు. మూడింటినీ కలగాపులగం చేయడంవల్ల అనేక అపోహలు కలుగుతున్నవి. సాఫ్ట్‌వేర్ వ్రాతప్రతిని ఎవరైనా చదివి, సరిదిద్ది, తిరిగి వాడుకోవడానికి వీలుండడం మొదటి అర్థం. యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడే నియమావళి, అంటే ప్రోటోకాల్, అందరికీ తెలిసి ఉండి, దాని ప్రకారం ఎవరు యంత్రం కట్టినా మిగిలిన యంత్రాలు దానిని పంక్తిలో కూర్చుండనివ్వడం రెండవ అర్థం. సర్వర్‌ను మనమే నడుపుకోగలగడం మూడవది. సిగ్నల్ అనే సాధనం విషయం చూడండి. దాని వ్రాతప్రతి బహిరంగమే. రహస్యాన్ని కాపాడడంలో దానికి గొప్ప పేరున్నది. వాట్సాప్ సైతం 2016లో సందేశాల గోప్యతకు ఆ పద్ధతినే స్వీకరించినది. అయినా సిగ్నల్‌లో ఉన్నవారు సిగ్నల్‌లోనివారితోనే మాట్లాడగలరు. జూలిప్, మాటర్‌మోస్ట్ అనేవి మరొక రకం. వాటిని మన సంఘం సొంత సర్వర్‌పై నిలుపుకోవచ్చును. ఇల్లు మనదే గాని, పొరుగింటికి కిటికీ లేదు. ఐ.ఆర్.సి., ఎక్స్.ఎం.పి.పి., మాట్రిక్స్ అనే మూడు మాత్రం నియమావళులు. మొదటిది 1988లో ఫిన్లండ్‌లోని ఓలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ నిర్మించినది. రెండవది 1999లో జాబర్ అనే పేరుతో వెలువడి, 2004లో అంతర్జాతీయ ప్రమాణమైనది. మూడవది 2014లో మొదలైనది. చివరి రెండింటిలో ఎవరి సర్వర్ వారు పెట్టుకొని, తపాలా కార్యాలయాలవలె ఒకరి ఉత్తరాలు ఒకరికి అందించుకొంటారు.

అద్దె ఇంటిలో కాపురం పెట్టి, ఖాళీ చేయవలసివచ్చినప్పుడు సామాను ఎంత ఉన్నదో తెలుసుకొనే అనుభవం తెలుగు సాహిత్యాభిమానులకు ఇంతకుముందే కలిగినది. 1990 తరువాతి సంవత్సరాలలో అమెరికా విశ్వవిద్యాలయాలలో చదువుకొంటున్న మనవారు యూజ్‌నెట్ అనే వ్యవస్థలో ‘సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ అనే శాఖను ఏర్పరచుకొని, రోమను లిపిలో తెలుగు వ్రాసుకొంటూ పద్యాలను గురించీ, వంటలను గురించీ, సినిమాలను గురించీ జగడమాడుకొన్నారు. ఆ యూజ్‌నెట్‌కు యజమాని అంటూ లేడు. ఒక విశ్వవిద్యాలయంలో వ్రాసిన మాట చేతులు మారి వందల సర్వర్లకు చేరేది; ప్రతి సర్వర్‌లోనూ ఒక నకలు ఉండేది. తరువాత సౌకర్యం పెరిగినది. యాహూవారు ఉచితంగా సమూహాలను పెట్టుకొనే వీలు కలిగించారు. మనవారు అక్కడ ‘రచ్చబండ’ అనే పేరుతోనే ఒక సాహిత్య చర్చావేదిక నడుపుకొన్నారు. పేరు రచ్చబండ, చెట్టు మాత్రం యాహూవారిది. 2019 అక్టోబరులో ఆ కంపెనీవారు ఒక ప్రకటన చేశారు. ఆ నెలాఖరు నుంచి సమూహాలలో కొత్త సామగ్రి చేర్చడానికి వీలులేదనీ, డిసెంబరులో పాతదంతా తీసివేస్తామనీ దాని సారాంశం. కావలసినవారు తమ సామగ్రిని దింపుకోవడానికి గడువును 2020 జనవరి చివరి వరకు పొడిగించారు. 2020 డిసెంబరు 15న మొత్తం సేవనే మూసివేశారు.

ఇందులో కంపెనీ మోసం చేసినదని నేననను. ముందుగా చెప్పారు, గడువు ఇచ్చారు, చివరికి పొడిగించారు కూడా. కాని ఇరవై ఏళ్ళ సంభాషణకు గడువు మూడు నెలలు! ఆ మూడు నెలలలో ప్రకటనను చూడనివారి మాట ఏమిటి? సమూహాన్ని స్థాపించినవారు కాలం చేసి, సంకేతపదం తెలిసినవారు మిగలనిచోట ఏమి జరుగుతుంది? ప్రపంచం నలుమూలలా ఇట్టి సమూహాలు లక్షలు. కొన్నింటిని స్వచ్ఛంద సేవకులు రాత్రింబవళ్ళు కూర్చుండి భద్రపరచారు, అనేకం మాయమైనవి.

బహిరంగంగా మొదలుపెట్టి, జనం చేరిన తరువాత తలుపు మూసిన ఉదాహరణ కూడా ఉన్నది. గూగుల్‌వారు 2005 ఆగస్టులో గూగుల్ టాక్ అనే సాధనాన్ని తెచ్చినప్పుడు ఇందాక చెప్పిన ఎక్స్.ఎం.పి.పి.నే ఆధారం చేసుకొన్నారు. 2006 జనవరిలో ఇతరుల సర్వర్లతో కూడా సంభాషించే ద్వారం తెరిచారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రియులు ఎంతో సంతోషించారు. తమ బంధుమిత్రులను సైతం నిశ్చింతగా గూగుల్‌లో చేర్పించారు. ఎక్కడ ఉన్నా మాట్లాడవచ్చును గదా అని. 2013 మే నెలలో హాంగవుట్స్ అనే కొత్త సాధనం వచ్చినది. అందులో ఇతర సర్వర్లకు దారి లేదు. తమ సొంత సర్వర్ నడుపుకొంటున్నవారికి గూగుల్‌లో ఉన్న మిత్రులు క్రమంగా మూగవారైనారు. మిత్రులకు ఆ సంగతి తెలియనైనా తెలియదు. అవతలివారే మాట్లాడడం మానేశారని అనుకొన్నారు. ఫేస్‌బుక్‌వారు తమ చాట్‌కు ఎక్స్.ఎం.పి.పి. మార్గంగా రావడానికి 2010లో ద్వారం తెరిచి 2015లో మూసివేశారు. స్లాక్‌వారు తమ గోష్ఠులలోకి ఐ.ఆర్.సి. మార్గంగా రావడానికి ఉంచిన వాకిలిని 2018 మే 15న మూసివేశారు. ద్వారం తెరచి ఉండడం వేరు, తెరచి ఉంచవలసిన బాధ్యత ఉండడం వేరు అని ఈ మూడు ఉదంతాలవల్ల తెలుస్తున్నది.

బహిరంగ నియమావళి ఉంటే మాత్రం కష్టం రాదా? వస్తుంది. కష్టం వచ్చినప్పుడు ఎట్లా గట్టెక్కవచ్చునో తెలియడానికి ఫ్రీనోడ్ కథ చెప్పుకోవాలి. ఇది కొంచెం నిదానంగా వినదగిన కథ.

ఫ్రీనోడ్ అనేది ఐ.ఆర్.సి. నియమావళిపై నడిచిన సర్వర్ల కూటమి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకంలో అంత పెద్ద సంతబయలు మరొకటి లేదు. వికీపీడియా వ్రాసేవారు, ఉబుంటు, జెంటూ వంటి వ్యవస్థలు తయారు చేసేవారు అక్కడే గదులు పెట్టుకొన్నారు. నడిపేవారు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. సర్వర్లను దాతలు ఇచ్చారు. అన్నీ ధర్మంగా నడుస్తున్నవి గాని, కూటమి పేరు, చిరునామా ఒక చిన్న కంపెనీ పేర ఉన్నవి. ఆ కంపెనీ 2017లో ఒక వ్యాపారవేత్త చేతికి వెళ్ళినది. నాలుగేళ్ళపాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2021 వసంతంలో అధికారం ఎవరిదనే వివాదం పుట్టినది. స్వచ్ఛంద సేవకులు తమ స్వాతంత్ర్యం పోయినదన్నారు. ఆ వ్యాపారవేత్త తాను ధనమిచ్చి ఆదుకొన్నానన్నాడు. వాదోపవాదాలలోకి నేను పోను. 2021 మే 19న సేవకులు సామూహికంగా రాజీనామా చేసి, అదే రోజున లిబెరా చాట్ అనే కొత్త కూటమిని ప్రారంభించారు. ఈసారి వారు చేసిన మొదటి పని, స్వీడన్‌లో లాభాపేక్ష లేని సంఘంగా దానిని నమోదు చేయించి, పేరును ఆ సంఘం అధీనంలో ఉంచడం. నా దృష్టిలో కథ అంతటికీ కీలకం ఇదే.

తరువాత జరిగినది గమనించండి. కొన్ని రోజులలోనే వందల గదులు కొత్త కూటమికి తరలివెళ్ళినవి. ఎట్లా సాధ్యమైనది? రెండు చోట్లా నియమావళి ఒకటే. సభ్యులు కొత్త సాధనం నేర్చుకోనక్కరలేదు, కొత్త యంత్రం కొనుక్కోనక్కరలేదు. తాము వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో చిరునామా ఉండే ఒక్క పంక్తి మార్చుకొని, తమ పేరును మళ్ళీ నమోదు చేసుకొంటే చాలినది. పొరుగు వీధిలో ఇల్లు అద్దెకు తీసుకొన్నంత సులువుగా ముగిసినది. ఇదే వివాదం ఒక కంపెనీ కోటలో తలెత్తి ఉంటే కోటను వదలిపోవడమంటే భాషను వదలిపోవడమే అయ్యేది.

అయినా నష్టం లేకపోలేదు. వెళ్ళిపోతున్నవారు పాత గది వాకిట ‘మేము లిబెరాకు మారినాము’ అని పలక కట్టారు. మే 26న ఫ్రీనోడ్ యాజమాన్యం, వాకిట లిబెరా పేరు కనబడిన గదులను సుమారు 700 వరకు తమ అధీనంలోకి తీసుకొన్నది. అందులో ఇంకా తరలిపోని గదులు సైతం ఉన్నవి. రచ్చబండ మీద పొరుగూరి పేరెత్తినందుకు బండను జప్తు చేసినట్లయినది! తటస్థంగా ఉండిపోదామనుకొన్న అనేకులు ఆ రోజుననే బయలుదేరారు. మరుసటి నెలలో ఫ్రీనోడ్‌వారు పాత ఖాతాల పట్టికనంతటినీ వదలి కొత్తగా మొదలుపెట్టారు. రెండు దశాబ్దాలుగా నమోదై ఉన్న పేర్లు, గదులు ఆ దెబ్బతో పోయినవి.

ఫ్రీనోడ్‌ను వదలినవారు కష్టం వచ్చి వదలినారు. కష్టమేమీ ముంచుకురాకుండానే ఆలోచించి తరలినవారు మొజిల్లావారు. ఫైర్‌ఫాక్స్ తయారు చేసే ఈ సంస్థ రెండు దశాబ్దాలకు పైగా సొంత ఐ.ఆర్.సి. సర్వర్‌లో మాట్లాడుకొన్నది. 2019 ఏప్రిల్‌లో మైక్ హోయ్ అనే ఆయన సంస్థ తరపున దానిని మూసివేయబోతున్నామని ప్రకటించారు. బహిరంగ నియమావళిని మొజిల్లావారే వదలడమేమిటని కొందరు నొచ్చుకొన్నారు. ఆయన చెప్పిన కారణాలు వినదగినవి. కొత్తగా వచ్చేవారికి ఆ పాత సాధనం కొరకరాని కొయ్యగా ఉన్నది. వేధించేవారిని ఆపడానికి అందులో తగిన ఉపాయాలు లేవు. నిజమే, ఎవరైనా రావచ్చునని బోర్డు కట్టిన చోటికి దుర్భాషలకు వెరచి సగంమంది రాలేకపోతే ఆ బోర్డుకు అర్థమేమున్నది? వారు నాలుగు సాధనాలను ఎంచి, కొన్ని వారాలు వాడి చూచి, 2019 డిసెంబరులో మాట్రిక్స్‌ను ఎన్నుకొన్నారు. ఆ నాలుగింటిలో స్లాక్ కూడా ఒకటి. 2020 మార్చిలో పాత సర్వర్‌ను ఆపివేశారు. ప్రకటనకూ ముగింపుకూ మధ్య పది నెలలకు పైగా వ్యవధి. ఆ వ్యవధే ఈ తరలింపు ప్రశాంతంగా జరగడానికి ముఖ్య కారణమని నేననుకొంటాను.

ప్రభుత్వాలు సైతం ఈ దారి తొక్కుతున్నవి. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల సంభాషణలకోసం మాట్రిక్స్ ఆధారంగా చాప్ అనే సాధనాన్ని 2019 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టినది. క్లోద్ షాప్ అనే ఆయన పేరును బట్టి దానికి ఆ పేరు వచ్చినది. విప్లవకాలంలో కొండలపై కొయ్యచేతుల స్తంభాలు నిలిపి దూరవార్తలు పంపిన మహానుభావుడు ఆయన. సాధనం విడుదలైన రోజులలోనే ఒక పరిశోధకుడు, ప్రభుత్వోద్యోగి కాకపోయినా లోపలికి ప్రవేశించడానికి వీలైన ఒక లోపం పట్టుకొన్నాడు. దానిని వెంటనే సరిదిద్దారు. వ్రాతప్రతి బహిరంగం గనుక ఆ దిద్దుబాటు ఇతర దేశాలలోని సర్వర్లకూ ఉపయోగపడినది. 2025లో ఆ దేశ ప్రధాని మంత్రిత్వ శాఖలన్నీ దానినే వాడాలని ఉత్తరువు చేశారు.

ఇక ధనం సంగతి. ఉచితంగా దొరికినదానిని విడిచి కష్టపడడమెందుకని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. స్లాక్‌వారు ఉచిత గోష్ఠులలో చివరి 10,000 సందేశాలు కనబడనిచ్చేవారు. 2022 సెప్టెంబరు నుంచి ఆ లెక్క మారి, చివరి 90 రోజులవి మాత్రమే కనబడుతున్నవి. 2024 ఆగస్టు నుంచి ఏడాది దాటిన వాటిని తుడిచివేయడం మొదలైనది. అమెరికాలో బాలబాలికలకు ప్రోగ్రామింగ్ నేర్పే హాక్ క్లబ్ అనే ధార్మిక సంస్థకు 2025 సెప్టెంబరులో జరిగినది మరీ విచిత్రం. తాము అంతవరకు ఏడాదికి 5,000 డాలర్లు చెల్లిస్తుండగా, వారం రోజులలో 50,000 డాలర్లు, ఆపైన ఏటా 2,00,000 డాలర్లు చెల్లించాలని స్లాక్ కోరినదనీ, లేకపోతే పదకొండేళ్ళ సందేశాలు పోతాయన్నదనీ ఆ సంస్థవారు ప్రకటించారు. వారు మాటర్‌మోస్ట్‌కు మారిపోతామన్నారు. గోల లోకమంతా పాకిన తరువాత కంపెనీవారు వెనుకకు తగ్గారు. పదిమందికి తెలిసిన సంస్థ గనుక గోల పాకినది. మన జిల్లాలోని ఒక చిన్న గ్రంథాలయ సంఘం గోలను ఎవరు వింటారు?

అట్లాగని బహిరంగ వేదిక గాలిలో నిలబడదు. దానికీ విద్యుత్తు కావాలి, యంత్రం కావాలి, అర్ధరాత్రి లేచి చూచేవాడు కావాలి. మాట్రిక్స్ నియమావళిని కాపాడే ధర్మకర్తృ సంస్థ 2025 ఆరంభంలో తమ వద్ద ధనం చాలడంలేదనీ, సహాయం అందకపోతే కొన్ని సేవలు ఆపవలసివస్తుందనీ బహిరంగంగానే చెప్పుకొన్నది. అదే ఏడు సెప్టెంబరులో వారి ప్రధాన సర్వర్ చెడిపోయి, బాగుచేయడానికి సుమారు ఒక రోజు పట్టినది. ఆ సమయంలో సొంత సర్వర్లు ఉన్నవారు మాత్రం తమలో తాము మాట్లాడుకొంటూనే ఉన్నారు. ఇక్కడ ఇంకొక ఆక్షేపణ ఉన్నది. సిగ్నల్‌ను స్థాపించిన మాక్సీ మార్లిన్‌స్పైక్ 2016లోనే దానిని వివరించారు. వందల సర్వర్లు ఒప్పుకొంటేగాని నియమావళిని మార్చలేము. ఒకే సర్వర్ గల సాధనం చకచక మారగలదు. కనుక కాలంతో పరుగెత్తాలంటే సమాఖ్య పద్ధతి పనికిరాదని ఆయన వాదం. అందులో బలమున్నది. పాత బహిరంగ సాధనాలు ఎంతోకాలం బొమ్మలు పంపడానికి కూడా తడబడినవి. కాని వేగం కోరుకొనేది ఇద్దరి మధ్య సంభాషణ. సంఘానికి వేగం కంటె నిలకడ ముఖ్యమని నాకు తోస్తున్నది. ఇరవై ఏళ్ళ తరువాత కూడా తెరవగలిగిన దస్త్రం కావాలి సంఘానికి.

సరే, మన సంఘం ఒకటి తరలిపోదలచినదనుకొందాము. మూడువందల మంది సభ్యులు. అందులో నలుగురు ఉత్సాహవంతులైన యువకులు, మిగిలినవారు గృహస్థులు, విశ్రాంత ఉపాధ్యాయులు, అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న పెద్దలు. వీరందరూ ఒకనాడు ఒక్కసారిగా కదలివస్తారని ఆశించడం అవివేకం. ఇట్టి ప్రయత్నాలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. యువకులు రాత్రికి రాత్రి కొత్త చోట పందిరి వేసి పిలుస్తారు. యాభై మంది వస్తారు. వారం తరువాత ఆ యాభై మంది కూడా, మిగిలినవారు పాతచోటనే ఉన్నారు గనుక, అక్కడికే తిరిగిపోతారు. సభ్యుడు చూచేది నియమావళిని కాదు, తన మిత్రులు ఉన్నారా లేరా అని. కాబట్టి ముందు తరలవలసినది సంఘానికి ప్రాణమైన పని. నెలనెలా జరిగే పద్యపూరణం ప్రకటన కావచ్చు, ధరల పట్టిక కావచ్చు. అది కొత్త చోటనే మొదట వెలువడాలి. పాత చోటికి దాని సమాచారం మాత్రం పంపాలి. ఎవరినీ నిందించరాదు. పెద్దవారి ఫోనులో సాధనాన్ని ఎక్కించి, సంకేతపదం కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి ఇచ్చి, మొదటి సందేశం వారిచేత పంపించే ఓపిక ఉన్నవారు ఇద్దరుంటే పని సగమైనట్లే.

పాత గోష్ఠికీ కొత్త గోష్ఠికీ మధ్య ‘వంతెన’ వేసే ఉపాయం ఒకటి ఉన్నది. ఒకచోట వ్రాసినది రెండవచోట దానంతట అదే కనబడుతుంది. తరలింపు కాలంలో ఇది మహోపకారి. అయితే దానినే శాశ్వతమనుకొని కాపురం పెట్టరాదు. మాట్రిక్స్‌కూ లిబెరా చాట్‌కూ మధ్య అట్టి వంతెన ఒకటి ఉండేది. రెండూ బహిరంగ వేదికలే, ఇరువైపులా సదుద్దేశం గలవారే. అయినా వంతెన పనితీరుపై చిక్కులు వచ్చి, లిబెరావారి కోరికపై 2023 ఆగస్టులో దానిని ఆపివేశారు. ఆ వంతెన మీదుగా మాత్రమే వచ్చిపోతున్నవారు ఒక్క రోజులో ఆవలి ఒడ్డున నిలిచిపోయారు.

రహస్యలిపి సంగతి ఒక మాట. గోప్యత మంచిదని ప్రతి గదికీ సందేశాలను రహస్యలిపిలోనికి మార్చే తాళం వేస్తున్నారు. మాట్రిక్స్‌లో అట్టి గదిలోని పాత సందేశాలు చదవాలంటే సభ్యుని వద్ద తాళపుచెవి భద్రంగా ఉండాలి; ఫోను పోయి, చెవి కూడా పోతే పాత సంభాషణ అతనికి గీతలుగా మిగులుతుంది. కుటుంబ విషయాలకు, ఆరోగ్య విషయాలకు, ఉద్యమాలకు ఆ తాళం తప్పనిసరి. ఎవరైనా వచ్చి వినవచ్చునని చెప్పుకొనే సాహిత్య గోష్ఠికి అది అనవసర భారం.

దీనికంటె సున్నితమైన విషయం పాత దస్త్రాలను తరలించడం. స్లాక్ వంటి సాధనాలనుంచి సందేశాలను మూటగట్టి జూలిప్‌లోకో మాటర్‌మోస్ట్‌లోకో ఎక్కించే వీలున్నది. వాట్సాప్ గోష్ఠినుంచి కూడా పాఠాన్ని దస్త్రంగా దింపుకోవచ్చును. చేయగలిగినదంతా చేయదగినదేనా? తలుపు వేసిన గదిలో, తెలిసినవారి మధ్య, ఒక వితంతువు తన పింఛను కష్టం చెప్పుకొన్నది. ఒక కవి మరొక కవిని గురించి నోరు జారినాడు. ఆ మాటలను తెచ్చి అందరూ వెదకి చదవగల వేదిక మీద పరచడం ద్రోహం. బహిరంగ నియమావళి అంటే రహస్యాలు బహిరంగం కావాలని అర్థం కాదు. సభ్యులకు నెల రోజులు ముందుగా తెలిపి, వద్దన్నవారి మాటలు తీసివేసి, చర్చలలో సారవంతమైన వాటిని వేరు చేసి మోయడం కష్టమైన పనే గాని, ఆ కష్టం పడినవారి సంఘాలలో మనస్పర్థలు తక్కువ.

కొత్త చోటికి పేరు ఎవరి పేర నమోదు చేయాలనేది చివరికి మిగిలిన ప్రశ్న. ఉత్సాహవంతుడైన ఒక యువకుడు తన సొంత డబ్బుతో చిరునామా కొని, తన ఇంటి యంత్రంలో సర్వర్ నిలుపుతాడు. అందరూ మెచ్చుకొంటారు. అతనికి ఉద్యోగం మారుతుంది, పెళ్ళి అవుతుంది, దూరదేశం పోతాడు. కంపెనీ కోటనుంచి బయటపడి ఒక మిత్రుని చావడిలో చిక్కుకొన్నట్లవుతుంది. ఫ్రీనోడ్‌వారికి జరిగినది కూడా ఒక విధంగా ఇదే. కాబట్టి చిరునామా సంఘం పేర ఉండాలి. సంకేతపదాలు ముగ్గురి వద్దనైనా ఉండాలి. సర్వర్ ఖర్చు సంఘం పద్దులో, అద్దె పక్కన, దీపాల ఖర్చు పక్కన కనబడాలి. సర్వర్‌లోని సందేశాల నకలు నెలకొకసారి వేరొక చోట దాచాలి. ఏడాదికి ఒకసారి ఆ నకలును నిజంగా తెరచి చూడాలి. తెరచి చూడని నకలు ఉన్నదీ లేనిదీ ఒకటే.

తరలింపు ముగిసిన రోజున పాత గోష్ఠిని మూసివేయవద్దు. కొత్త చిరునామాను అందులో పైన కనబడేటట్లు ఉంచి, కనీసం ఒక సంవత్సరం తెరచి ఉంచండి. ఆరు నెలలకొకసారి మాత్రమే ఫోను తెరచి చూచే సభ్యులు ప్రతి సంఘంలోనూ ఉంటారు. అయితే ఆ పలక ఒక్కదానినే నమ్ముకోరాదని 2021 మే 26వ తేదీ నేర్పినది. సభ్యుల పేర్లు, వారు ఇవ్వడానికి ఇష్టపడినంతవరకు ఫోను నంబర్లు, ఒక పుస్తకంలో సిరాతో వ్రాసి కార్యదర్శి వద్ద ముందుగానే ఉంచుకోండి. పాత చోట పలక ఎవరైనా పీకివేసినా ఆ పుస్తకం చూచి ఒక్కొక్కరికీ ఫోను చేయవచ్చును.